ఎంగిలి నీళ్ళకు జాడీ పైపు

మా వంటింట్లో గిన్నెలు కడిగే మోరీ పెట్టడానికి ఒప్పుకున్న రోజునే నాయనమ్మ ఒక షరతు కూడా పెట్టింది. ఎంగిలి గిన్నెలు కడిగిన నీళ్ళు ఇంటి కప్పు కింద ఒక్క ఘడియ నిలవకూడదు. పోసినవి పోసినట్టే బయటికి పోవాలి.

"నిలిచిన రోజే మోరి మూపిస్త. మల్ల నన్ను అడుగొద్దు, ఏడ్వొద్దు" అంది అమ్మతో.

అమ్మ తలూపింది. ఆ మోరీ కోసం ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి అడుగుతూనే ఉంది. అంతకన్నా కఠినమైన షరతు పెట్టినా ఒప్పుకునేదే.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి జహీరాబాద్‌లో మా వంటి ఇళ్ళలో వంట లోపల, కడుగుడు బయట. తిన్న పళ్ళాలు, చెయ్యి పెట్టిన గిన్నెలు పొయ్యి దగ్గర కడిగితే వంటిల్లంతా ఎంగిలి అవుతుందని పెద్దవాళ్ళ లెక్క. కాబట్టి పెరట్లో ఒక బండ ఉండేది. బండ పక్కన పొయ్యిలోంచి తీసిన బూడిద, కొబ్బరి పీచు, పిసికేసిన చింతపండు. వాన పడితే అమ్మ గోనె సంచిని ఒక మూలలోకి మడిచి నెత్తి మీంచి వీపు దాకా కప్పుకొని తోమేది. కడిగిన గిన్నెలో వాన నీళ్ళు నిండేవి, బూడిద కొట్టుకుపోయేది, తోమినదాన్నే మళ్ళీ తోమేది.

అయితే వానకన్నా ఎక్కువగా అమ్మను బాధపెట్టింది పక్కింటి డాబా. ఆ ఇంటావిడను అమ్మ వరస కలిపి ఒదినె అనేది, నేను అత్త అనేవాణ్ణి. మనసు మంచిది. కాని ఆమె డాబా మీద నిలబడితే మా బండ, దాని మీది గిన్నెలు పళ్ళెంలో పెట్టినట్టు కనిపించేవి. గిన్నెలను చూసి మా ఇంటి సంగతులు చదివేది.

"ఒదినే, రాత్రి చుట్టాలొచ్చినట్టున్నరు? పెద్ద గంజు తోముతున్నవు."

"ఎవ్వరు రాలే ఒదినే. పాలు కాచిన."

"పాలు కాస్తే అడుగుకు మసాల ఎట్ల అంటిందే?"

చుట్టాలు ఊరికే వచ్చారా, పని మీద వచ్చారా, వాళ్ళకు కోడి కోశామా, పప్పుతో సరిపెట్టామా అన్నది పొద్దెక్కేలోపు వీధంతా తెలిసేది. నేను అప్పుడు ఒక దినపత్రికకు మా ఊరి వార్తలు రాసి పంపేవాణ్ణి. మధ్యాహ్నం బస్సుకు కవరు అందించేవాణ్ణి, అది రాత్రికి హైదరాబాద్ చేరితే మర్నాడు అచ్చయ్యేది. అత్త వార్త దానికన్నా ఒక రోజు ముందుండేది.

మోరీకి ఒప్పుకోవడం ఒక ఎత్తు, దానికి పైపు ఎంచడం ఒక ఎత్తు. ఒక ఆదివారం పొద్దున వాకిట్లో పంచాయితీ లాంటిది జరిగింది. నాయనమ్మ మంచం మీద కూర్చుంది. బాపు, మేస్త్రీ ఎదురుగా నిలబడ్డారు. అమ్మ గడపలో. నేను గోడకు ఆనుకొని.

బాపుది ఎరువుల దుకాణం. సరుకు కోసం హైదరాబాద్ వెళ్ళి వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త వస్తువును మనసులో పెట్టుకొని వచ్చేవాడు. ఆ ఏడు ఆయన మనసు నిండా ప్లాస్టిక్ పైపు ఉంది.

"అమ్మా, పట్నంల అందరు ప్లాస్టిక్కే ఏస్తున్నరు. తుప్పు పట్టది, పలగది. చంకల పెట్టుకొని తేవచ్చు."

"మంచిగనే ఉన్నది. ప్లాస్టిక్‌కు ఎంగిలి అంటుతదా, అంటదా?"

ఆ సంగతి పట్నం దుకాణదారు బాపుకు చెప్పలేదు.

"గది తెల్వకుంట ఇంట్లకెట్ల తెస్తవు కొడుకా?"

నాయనమ్మ దగ్గర గిన్నెలకు ఉన్న కట్టుబాట్లు పక్కాగా ఉండేవి. మట్టి కుండకు ఎంగిలి అంటితే ఇక అది పనికిరాదు, పారేయాలి. ఇత్తడికి అంటితే బూడిద, చింతపండు వేసి తోమాలి. ఇనుముకు అంటితే నిప్పుల మీద కాల్చాలి. జాడీకి మాత్రం ఏదీ అంటదు. నీళ్ళు పోసి కడిగితే చాలు. అందుకే ఊరగాయ జాడీలో ఉంటుంది. పైపు కూడా ఒక గిన్నే అని ఆమె నమ్మకం. అడుగు లేని గిన్నె, అంతే తేడా.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. ఆయన ఇంటి వెనుక అచ్చులు పెట్టుకొని సిమెంటు తూములు పోసేవాడు. ఊళ్ళో ఏ ఇంటి కింద తవ్వినా తన తూమే తగులుతుందని చెప్పుకునేవాడు. తవ్వాల్సిన అవసరం ఎందుకు వస్తుందో చెప్పేవాడు కాదు.

"పెద్దమ్మా, సిమెంటు తూములు ఎయ్యుండ్రి. నేనే పోస్త. మీ మనుమల మనుమలదాక ఉంటయి."

"సిమెంటు నీళ్ళు తాగుతదా?"

"కొత్తల జర తాగుతది."

"అంటే ఎంగిలి తాగుతది. వద్దు."

"బీడు పైపు ఏద్దాం" అన్నాడు బాపు. పోత ఇనుముతో చేసిన బరువు పైపులు అవి. రైల్వే వాళ్ళ క్వార్టర్లకు వేసినవి చూశాడు.

"ఇనుముకు అంటితే కాల్చాలె. పున్నానికొకసారి తవ్వి తీసి కాలుస్తవా?"

"కాలుద్దాం పెద్దమ్మా" అన్నాడు మేస్త్రీ. "నాకు ఏడాది పొడుగునా పని దొరుకుతది."

అమ్మకు నవ్వు వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. తరువాత మెల్లగా, "ఏ పైపైన ఏమాయె అత్తమ్మా, నీళ్ళు పోతే సాలు" అంది. ఆ రోజు అక్కడ పలికిన వాటిలో పైపు గురించిన మాట అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి మేస్త్రీయే చెప్పాడు, మట్టితో చేసి పైన నిగనిగలాడే పూత పోసి కాల్చిన పైపులు ఉంటాయని, వాటి రంగు, నునుపు అచ్చం ఊరగాయ జాడీలాగే ఉంటాయని. మర్నాడు ఎక్కడినుంచో ఒక ముక్క తెచ్చి చూపించాడు. నాయనమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకొని గోటితో మీటింది. నీళ్ళు పోయించింది, కొంగుతో తుడిచింది, వాసన చూసింది.

"గిది జాడీనే" అంది. పైపు ఖాయమైంది.

పైపులు పట్నం నుంచి లారీలో వచ్చాయి. ఆ లారీవాడు నిద్రమత్తులో జహీరాబాద్ దాటిపోయి, చిరాగ్‌పల్లి దగ్గర చాయ తాగడానికి ఆగినప్పుడు గానీ మా పైపుల సంగతి గుర్తు చేసుకోలేదు. బాపు అక్కడికి ఎడ్లబండి కట్టించుకొని వెళ్ళి, జొన్న చొప్ప పరిచి, పసిపిల్లలను తెచ్చినట్టు తెచ్చాడు. దారిలో ఒక్కటీ పగలలేదు. ఇంటికి వచ్చాక ఒకటి దించుతుంటే ఆయన చేతిలోనే పగిలింది.

వేసేటప్పుడు మరో చిక్కు వచ్చింది. ఇంటి నీళ్ళు ఈశాన్యం మూల నుంచే బయటికి పోవాలని బాపు పట్టు. మా స్థలం వాలు సరిగ్గా దానికి ఎదురు. "నీళ్ళకు ఈశాన్యం తెల్వది పటేలా, పల్లమే తెల్సు" అని మేస్త్రీ గొణిగాడు గాని, చెప్పినట్టే వేశాడు. వంటింటి నేల కింద నుంచి పైపు పక్క సందులోకి వచ్చేది. అక్కడ ఒక చిన్న గుంత కట్టి పైన బండ మూశాడు, ఎప్పుడన్నా చూసుకోవడానికి. గుంతలో పడ్డ నీళ్ళు మరో పైపులోంచి ఈశాన్యం మూలకు పోయి, అక్కడ గోడ అడుగున ఉన్న కన్నంలోంచి పెరట్లోకి పడతాయి. వాలు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. జాడీ పైపులు పొట్టి ముక్కలు కాబట్టి అడుగడుగునా ఒక అతుకు. ఒక్కో అతుకులో నార కుక్కి సిమెంటు మెత్తాడు. లోపలికి ఉబికిన సిమెంటును తుడిచాడా లేదా అన్నది ఆయనకే తెలియాలి.

మొదలుపెట్టిన రోజు అమ్మ మోరీకి పసుపు కుంకుమ పెట్టి చెంబెడు నీళ్ళు పోసింది. ఈశాన్యం మూల నుంచి నాయనమ్మ కేక వినిపించింది. "అగో, వచ్చినయి!"

ఆ మాట చెప్పడానికి ఆమె మంచం కూడా అక్కడికే మార్పించుకుంది. పోసిన నీళ్ళు వస్తున్నాయో లేదో స్వయంగా చూడాలి కదా. రోజూ పొద్దున, మధ్యాహ్నం అక్కడే కూర్చునేది. చూపు తగ్గినా ఆ కన్నం మీదే ఉండేది.

"పోసినవానే?"

"పోసిన అత్తమ్మా!"

"ఆ, వస్తున్నయి."

కొన్నాళ్ళకు ఊరికే కూర్చోవడం ఎందుకని నీళ్ళు పారే దారిలో పుదీనా నాటింది. దాని పక్కన చేమగడ్డలు పెట్టింది. మోరీ నీళ్ళతో కొట్టుకొచ్చే మెతుకుల కోసం ఆమె కోళ్ళు వరుసగా వచ్చి నిలబడేవి. పుదీనా ఎంత గుబురుగా పెరిగిందంటే వీధిలో ఎవరు పచ్చడి నూరాలన్నా నాయనమ్మ దగ్గరికి రావాల్సిందే. ఒక్కొక్కరికి కట్ట ఇచ్చేటప్పుడు జాడీ పైపు ఎందుకు మంచిదో కూడా చెప్పి పంపేది.

అమ్మ సంగతి చెప్పనక్కర లేదు. వాన ఎంత కురిసినా ఆమె నెత్తి తడవలేదు. పక్కింటి అత్తకే దిక్కుతోచలేదు.

"ఒదినే, కనబడుతనే లేవు. పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న ఒదినే. లోపట తోముతున్న."

"ఏం తోముతున్నవు?"

"గిన్నెలు."

అత్త డాబా మీద చాలాసేపు నిలబడి దిగిపోయింది. మా వీధిలో వార్తలు పలచబడ్డాయి.

మరుసటి చలికాలంలో మోరీ గొంతు మారింది. మొదట్లో నీళ్ళు పోస్తే నోరు తెరిచి మింగినట్టు పోయేవి. తరువాత గుడగుడమని ఆలోచించి పోయేవి. అమ్మ మరిగే నీళ్ళు పోసింది. వెదురు బద్ద పెట్టి పొడిచింది. ఒక పొద్దున పోసిన నీళ్ళు పోలేదు. మోరీ గచ్చు మీద అలాగే నిలబడి ఆమె మొహాన్ని ఆమెకే చూపించాయి.

నేను కవరు రాసుకుంటుంటే వచ్చి చెవిలో చెప్పింది. "కొడుకా, మోరి జామ్ అయింది. మీ నాయినమ్మకు తెలిస్తె మల్ల బండ దగ్గరికే."

"బాపుకు చెప్దామా?"

"వద్దు. ఆయన వాళ్ళమ్మ మొఖం చూస్తె అన్ని చెప్తడు."

బయట ఎక్కడో ఉందేమోనని సందులో గుంత మీద బండ లేపి చూశాను. గుంత పొడిగా ఉంది. అంటే అడ్డం వంటింటికి, గుంతకు మధ్య ఉంది. వెదురు బద్ద అటునుంచి తోసినా ఇటునుంచి తోసినా ఒక చోట రాతికి తగిలినట్టు ఆగిపోతోంది. నేల తవ్వి పైపు తీస్తే గానీ కాదు. నాయనమ్మ ఇంట్లో ఉండగా అది జరిగే పని కాదు.

అదృష్టానికి ఆ వారంలోనే న్యాల్‌కల్‌లో మా మేనత్త మనవడికి బారసాల చేసి తొట్లెలో వేస్తున్నారు. నాయనమ్మ పోవాలి. పోతే రెండు మూడు రోజులకు తక్కువ రాదు. అంతలో మేస్త్రీని పిలిచి పని కానిచ్చేయవచ్చు. అప్పటిదాకా మోరీ పనిచేస్తున్నట్టు కనబడాలి.

ఉపాయం అమ్మదే. గిన్నెలు గంగాళంలో కడుగుతుంది. ఆ నీళ్ళు బట్టలో వడకట్టి, మిగిలిన పైపు కూడా పూడుకుపోకుండా, బకెట్‌లో పోస్తుంది. నేను బకెట్ తీసుకొని సందులోకి వెళ్ళి గుంత దగ్గర నిలబడతాను. నాయనమ్మకు ఆ సందు కనిపించదు.

"పోసినవానే?" అని ఈశాన్యం నుంచి కేక.

"పోసిన అత్తమ్మా!" అంటూ అమ్మ లోపల గంజును గచ్చుకు తాటించేది. అది నాకు గుర్తు. బకెట్ గుంతలోకి వంచేవాణ్ణి.

"ఆ, వస్తున్నయి."

నాయనమ్మకు కనిపించని సందు అత్తకు బాగా కనిపిస్తుంది. అది మేము ఆలోచించలేదు.

"ఏం అల్లుడా, పేపరోళ్ళు నీళ్ళు గూడ మోస్తరా?" అంది రెండో పూటకే డాబా మీంచి.

నోటి మీద వేలు పెట్టుకున్నాను. "జర మెల్లగ అత్తా. నాయినమ్మకు చెప్పకు."

"నాకేం పని చెప్పనీకి? గని ఏం చెప్పొద్దో అది చెప్పు."

చెప్పక తప్పలేదు. సంగతంతా విని, నోరు మూసుకుంటానని మాట ఇచ్చింది. బదులుగా మా ఇంట్లో పొద్దున ఏం వండారు, రాత్రి ఏం వండారు అన్నది రోజూ బకెట్‌తో వచ్చినప్పుడు చెప్పి పోవాలి. ఏ కళ్ళ నుంచి తప్పించుకోవడానికి అమ్మ మోరీ పెట్టించుకుందో, ఆ మోరీని కాపాడుకోవడానికి అదే కళ్ళకు రోజూ లెక్క అప్పజెప్పాల్సి వచ్చింది. వంకాయ కూర అని నేను చెప్తే, "గుత్తిదా, ముక్కలదా?" అని అడిగేది. తెలుసుకొని వచ్చి చెప్పేవాణ్ణి.

నాయనమ్మ ప్రయాణం కోసం బట్టలు సర్దుకుంది. బస్సు వేళకు మళ్ళీ విప్పుకుంది.

"నేను పోను" అంది.

"ఎందుకమ్మా?" అని బాపు.

"కోళ్ళు పరేషాన్ అయితున్నయి. మోరి కాడికొస్తున్నయి, చూస్తున్నయి, పోతున్నయి. నీళ్ళల్ల ఒక్క మెతుకు వస్తలేదు. కోడలా, ఇంట్ల అందరు పళ్ళాలు నాకుతున్నరానే?"

అమ్మ నన్ను చూసింది. నేను బకెట్‌ను చూశాను. మేము వడకట్టింది నీళ్ళు మాత్రమే కాదు, నాయనమ్మ ప్రయాణాన్ని కూడా. ఆ సాయంత్రం నుంచి వడకట్టిన నీళ్ళలో అమ్మ పిడికెడు అన్నం కలపడం మొదలుపెట్టింది. కోళ్ళు తిరిగి వచ్చాయి. నాయనమ్మ మొహం తేట పడింది. తొట్లె పొద్దు వాలాక గదా, ఆ రోజు మధ్యాహ్నం బస్సుకే పోతానంది.

పోయే రోజు పొద్దున ఇంట్లో అందరం జొన్నరొట్టెలు తిన్నాం. మా ప్రాంతంలో అన్నం ఒక పూట ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. రొట్టె మాత్రం తప్పదు. ముందు రాత్రి కూడా, అమావాస్యకు అన్నం తినకూడదని, రొట్టెలే చేశారు. కుండలో ఒక్క మెతుకు లేదు. కోళ్ళు మళ్ళీ అలిగితే బస్సు పోతుందని నాకు భయం. సందులో నిలబడి అత్తకు ఆ మాట చెప్పాను. సాయం చేయడంలో ఆమెకు ఎన్నడూ లోపం లేదు. గోడ మీంచి గిన్నెడు చద్దన్నం అందించింది. బకెట్‌లో కాస్త ధారాళంగానే పడింది.

గంజు మోగింది. బకెట్ వంచాను. కోళ్ళు ఎగబడిన చప్పుడు వినిపించింది.

చాలాసేపు "వస్తున్నయి" అన్న మాట రాలేదు. తొంగి చూస్తే నాయనమ్మ వంగి, కోడి ముక్కు కింద నుంచి ఒక మెతుకు తీసి, అరచేతిలో పెట్టుకొని ఎండకు చూస్తోంది.

"కోడలా, జర ఇటు రాయే."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది.

"గిదేందే?"

"మెతుకు అత్తమ్మా."

"పొద్దుగాల రొట్టెలు తిన్నం. రాత్రి రొట్టెలే తిన్నం. మోరిల అన్నం ఎక్కడికెల్లొస్తున్నది? పైపుల ఎవలన్న పొయ్యి పెట్టిన్రా?"

నాయనమ్మ మెతుకును వేళ్ళ మధ్య నలిపింది.

"ఇది మన బియ్యం గూడ కాదు. మనది సన్నం. ఇది దొడ్డు బియ్యం."

అంతే, డాబా మీద ఎవరో తేలు కుట్టినట్టు లేచారు.

"ఏది దొడ్డు బియ్యం అత్తమ్మా? మంచిగ చూసి మాట్లాడు! మాది అసలైన సన్నం. మా తమ్ముడు రాయికోడ్ నుంచి బస్త కట్టి పంపిండు!"

పెరట్లో కోళ్ళు తప్ప ఎవరూ కదలలేదు. అత్త కూడా తను అన్న మాటను తనే విని, మెల్లగా పిట్టగోడ వెనక్కి కుంగిపోయింది. నేను బకెట్‌తో సహా సందులోంచి బయటికి వచ్చాను. ఇక దాచడానికి ఏమీ లేదు.

నాయనమ్మ మంచం మీద కూర్చొని, "మేస్త్రిని పిలువుండ్రి" అంది. "మోరి మూసుడే కాదు. నేల కింద ఎంగిలి నీళ్ళ పైపులు ఉండొద్దు. అన్ని తీపియ్యిండ్రి."

అమ్మ లోపలికి వెళ్ళి, ఏడాదిగా గూట్లో పెట్టిన గోనె సంచిని తీసి దులిపింది. నాకు వినబడేలా గట్టిగానే దులిపింది.

తొట్లెకు ఎవరూ పోలేదు. మేస్త్రీ వచ్చి వంటింటి బండలు లేపాడు. బాపు దుకాణం మూసుకొని వచ్చాడు. ఆయన మొహంలో బాధ కన్నా పండుగ ఎక్కువ కనిపించింది.

"ప్లాస్టిక్ ఏద్దామంటే విన్నరా? అడుగడుగుకు అతుకు. అతుకు అతుకుకు సిమెంటు లోపటికి కారింది."

"అతుకులు నా పని, మంచిగనే చేసిన" అన్నాడు మేస్త్రీ. "వాలు ఏదీ? ఈశాన్యం, ఈశాన్యం అన్నరు. నీళ్ళు ఎక్కలేక కూసున్నయి."

"వాలు లేకుంటె ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. మీరు పంచాంగం చూస్తున్నరు."

పూడుకుపోయిన ముక్క బయటికి వచ్చింది. మేస్త్రీ దాన్ని బోర్లించి సుత్తితో తట్టాడు. లోపలి నుంచి ఒక దుంగ జారి నేల మీద పడింది. పైపు ఎంత గుండ్రంగా ఉందో అదీ అంత గుండ్రంగా ఉంది. బూడిద రంగు, నున్నటి ఒళ్ళు, మధ్య మధ్య కొబ్బరి పీచు. కింద పడ్డా విరగలేదు. పైపు లోపల మాత్రం గీత కూడా లేదు, అద్దంలా ఉంది.

మేస్త్రీ సుత్తితో కొట్టి చూశాడు. "నా సిమెంటు కంటె గట్టిగున్నది. ఏం కలిపిన్రమ్మా గిండ్ల?"

"నేనేం కలుపలే" అంది అమ్మ. "పొయ్యిల బూడిద, జర నూనె జిడ్డు. సబ్బు పొడి తెస్తనంటే అత్తమ్మ వద్దన్నది. బూడిదతోని తోమకుంటె ఎంగిలి పోదన్నది. అత్తమ్మ చెప్పినట్లే తోమిన."

ఆ ముక్కను చేతుల్లోకి తీసుకొని, జాగ్రత్తగా మోసుకెళ్ళి, ఈశాన్యం మూల నాయనమ్మ మంచం ముందు పెట్టి వచ్చింది.

పెరట్లో బండ దగ్గర తోమినన్నాళ్ళు ఆ బూడిద మట్టిలో కలిసిపోయేది. పైపులో కలవడానికి దానికి మట్టి లేదు. ఎంగిలి పోగొట్టడానికి వాడిన వస్తువే ఎంగిలి నీళ్ళకు అడ్డం పడిందన్నమాట. ఇది అక్కడున్న అందరికీ ఒకేసారి అర్థమైంది. ఎవరూ నాయనమ్మ వైపు చూడలేదు. ఆమె దుంగ వైపు చూసింది, తరువాత పుదీనా వైపు. వడకట్టిన నీళ్ళతో అది అప్పటికే కాస్త వాడిపోయింది.

సరిగ్గా అప్పుడు అత్త పిట్టగోడ మీంచి తల పైకెత్తింది. పొద్దటి సంగతి మరిచిపోయినట్టే ఉంది.

"అత్తమ్మా, మోరి మూపిస్తున్నవంట గద. తీసిన పైపులు మాకియ్యి. మా వంటింట్ల ఎయ్యిస్త. జాడీ పైపులు మస్తుంటయని నువ్వే అంటుంటివి."

నాయనమ్మ తల నిటారుగా లేచింది.

"మూపిస్తున్నమని ఎవలు చెప్పిన్రు నీకు?"

"అందరు అంటున్నరు..."

"సాఫ్ చేపిస్తున్నం. ఏడాదికొక్కసారి చేపియ్యాలె. జాడీ కడుగుతమా లేదా? గట్లనే."

బాపుకు అక్కడ ఊరుకుంటే సరిపోయేది. "మరి నీళ్ళు నిలిచినయి గదమ్మా? షర్తు..." అన్నాడు.

అమ్మ కళ్ళు మూసుకుంది.

"యాడ నిలిచినయి?" అంది నాయనమ్మ.

"మోరిల."

"పైపుల నిలిచినయి. పైపు నేల కింద ఉన్నది. నేను ఇంట్ల నిలవొద్దన్న, నేల కింద నిలవొద్దన్ననా? నీకు చిన్నప్పటి సంది సగం మాటే ఇనబడ్తది."

మేస్త్రీ పైపులు కడిగి తిరిగి వేశాడు. ఈసారి వంటింటి వైపు కాస్త ఎత్తు చేశాడు, బాపు చూడనప్పుడు. సబ్బు పొడి గురించి నాయనమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే అనుమతి అని అమ్మ అర్థం చేసుకొని డబ్బా తెప్పించుకుంది. కోళ్ళు మొదట నురుగును చూసి బెదిరాయి, తరువాత అలవాటు పడ్డాయి. ఒక్క విషయంలో మాత్రం నాయనమ్మ దిగిరాలేదు. తన ఇత్తడి చెంబుకు సబ్బు తగలడానికి వీల్లేదు. దాన్ని పెరట్లో పాత బండ మీద, బూడిదతో, తనే తోముకునేది. డాబా మీది అత్తకు ఇక చదవడానికి మిగిలింది ఆ ఒక్క చెంబే.

"అత్తమ్మా, చెంబు మీద మచ్చున్నది."

"నీ కంట్లున్నది."

ఆ తరువాతి వానాకాలం మొదటి పెద్ద వాన కురిసిన పొద్దున, అమ్మ లోపల మోరీ దగ్గర పీట వేసుకొని గిన్నెలు కడుగుతోంది. కిటికీలోంచి పెరడు కనబడుతోంది. పాత బండ దగ్గర ఎవరో గోనె సంచి నెత్తిన కప్పుకొని కూర్చున్నారు. నాయనమ్మ. బూడిద తీసుకుంటుంది, వాన దాన్ని కొట్టుకుపోతుంది, మళ్ళీ తీసుకుంటుంది.

అమ్మ తలుపు తీసి కేకేసింది. "అత్తమ్మా, తడుస్తున్నవు. లోపటికి రా. ఇక్కడ కడుక్కో."

నాయనమ్మ వినబడనట్టు ఇంకో రెండుసార్లు తోమింది. తరువాత లేచి వచ్చింది. గోనె సంచి గడప దగ్గర విడిచి, మోరీ ముందు నిలబడింది. ఒక చేతిలో చెంబు. రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"ఏమున్నది గా చేతుల?" అంది అమ్మ.

"ఏం లేదు. జర్రంత బూడిద."

అమ్మ పీట మీంచి లేవలేదు. చేతిలో గిన్నె కింద పెట్టి, తల ఎత్తి, కొత్త కోడలికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"బూడిద పడ్డ రోజే మోరి మూపిస్త అత్తమ్మా. మల్ల నన్ను అడుగొద్దు, ఏడ్వొద్దు."

బయట వాన కురుస్తూనే ఉంది. నాయనమ్మ ఆమెను చూసింది, మోరీని చూసింది, తన పిడికిలిని చూసుకుంది. గడపలో నిలబడ్డ నన్ను పిలిచి ఆ బూడిదను నా అరచేతిలో పోసింది.

"పోయి పుదీనకు ఎయ్యి" అని, పీట ఇంకోటి లాక్కొని అమ్మ పక్కన కూర్చుంది.